ఒంటిల్లులో ఇళ్ళకు ఇంటర్వ్యూలు

ఫెన్‌విక్ కొండ మీద పులిబండ అనే చోటు ఒకటుంది. అక్కడ బండ ఉంది. పులి లేదు. ఒక ఇంగ్లీషు దొర అక్కడ పులిని చూశానని సీమలో ఉన్న తల్లికి ఉత్తరం రాసుకున్నాడట. పులి ఆయన్ని చూసిందో లేదో ఎవరికీ తెలియదు. కాలక్రమాన దొరలు పోయారు, పులీ పోయింది. బండ మాత్రం ఎక్కడికీ పోలేక అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరినీ బాధించలేదు.

బాధపడ్డ మొదటి మనిషి, కుటుంబ సమేతంగా కొండ చూడవచ్చిన ఒక రిటైర్డ్ సబ్‌రిజిస్ట్రారు. ఆయన బండ మీద తువ్వాలు పరుచుకుని సాయంత్రం దాకా పులి కోసం కూర్చున్నాడు. అది రాకపోయేసరికి వినియోగదారుల ఫోరానికి ఎక్కాడు. పులిబండ అని బోర్డు కట్టి, పులిని చూపించకుండా జనాన్ని వెనక్కి పంపడం సేవాలోపమని ఫోరం తేల్చింది. పర్యాటక వారసత్వ శాఖకు చెమటలు పట్టాయి.

బోర్డు మార్చేస్తే పోయేది. కానీ అంతకు ముందు ఏడాదే ఆ శాఖకు చరిత్ర మీద ప్రేమ పొంగుకొచ్చింది. కొండ మీద దొరల కాలం నాటి పేర్లన్నిటినీ వారసత్వ సంపదగా ప్రకటించి, వాటిని ఎవరు మార్చినా శిక్షిస్తామని ఉత్తర్వు ఇచ్చుకుంది. అందుకని పెద్దలంతా ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు తింటూ చాలాసేపు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. పేరు మార్చడానికి వీల్లేదు. వాస్తవాన్ని మార్చడానికి శాఖకు ఎలాంటి అభ్యంతరమూ లేదు.

ఆ పని మీద కొండెక్కి వచ్చినవాడు ప్రత్యేకాధికారి విశ్వంభరరావు. మంచి మనిషే, తిండి దగ్గర మొహమాటం కూడా ఉన్నవాడు. కాకపోతే నోరు తెరిస్తే ఫైలు చదువుతున్నట్టు ఉంటుంది. దిగీదిగగానే జీపు పక్కన నిలబడి, "నామ వాస్తవ సమన్వయ పథకంలో భాగంగా సదరు కొండపై గల ప్రతి స్థలమూ తన పేరుకు న్యాయం చేయవలసి ఉంటుంది" అన్నాడు.

వింటున్నది అరుగు మీద దోసెలు పోసి అమ్మే సాలోమి ఒక్కతే. ఆమె అప్పుడు దోసె తిరగేస్తోంది. "అట్లే కానీ సారూ. దోసెకి ఊరిబిండి వెయ్యల్నా, కారమా?" అని అడిగింది.

సాలోమిది ఒంటిల్లు. అది ఊరి పేరు. ఫెన్‌విక్ దొర మొదట కొండెక్కి అక్కడ ఒకే ఒక్క బంగళా కట్టుకుని, ఇంగ్లీషులో దానికి ఒంటి ఇల్లని పేరు పెట్టుకున్నాడు. ఆయన వంటవాళ్ళు దాన్ని తెలుగులోకి తిప్పుకున్నారు. బంగళా వెనక ఎదురెదురుగా రెండు వరసల్లో వంటవాళ్ళు, ఆయాలు, గుర్రాల వాళ్ళు, తోటమాలీలు ఉండేవాళ్ళు. ఒక తుఫానులో బంగళా కూలిపోయి, ఇప్పుడు దాని పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. వరసలు మాత్రం పెరిగి పెరిగి ముప్పై చిల్లర ఇళ్ళయ్యాయి. ఒంటిల్లు అనే ఊళ్ళో ఇప్పుడు లేనిదల్లా ఆ ఒంటి ఇల్లే.

దొరల కాలం నుంచి అక్కడ ఇంకో అలవాటు కూడా మిగిలింది. వంటిళ్ళ నుంచి బంగళాకి సూపు తీసుకుపోయేటప్పుడు అందులో వాన చినుకులు పడుతున్నాయని దొరసాని ఒకసారి గిన్నె విసిరికొట్టిందట. అప్పటి నుంచి వానల ముందు ఊరంతా కలిసి బోదగడ్డి కోసుకొచ్చి, ఈ వరస చూరు నుంచి ఆ వరస చూరుకి సందంతా కప్పేసేది. దాన్ని వానపందిరి అంటారు. దొరసాని పోయింది, సూపు పోయింది, పందిరి మాత్రం ఏటేటా పడుతూనే ఉంది. కొండ మీద వాన పక్కవాటుగా కొడుతుంది. పందిరి లేకపోతే ఎవరింట్లో వాళ్ళు ఉండిపోవలసిందే, అప్పుకి ఉప్పు కూడా పుట్టదు.

పథకం పులిబండతో మొదలైంది. పులిని డిప్యుటేషన్ మీద పంపమని విశ్వంభరరావు అటవీశాఖకు రాశాడు. పులికి డిప్యుటేషన్ నిబంధనలు వర్తించవని వాళ్ళు తిప్పి పంపారు. చివరికి పీర్ల పండక్కి పులివేషం కట్టే హుసేనప్పను కాంట్రాక్టు పద్ధతి మీద పులిగా నియమించారు. అతను ఒంటికి పసుపు రంగు, దాని మీద నల్ల చారలు పూసుకుని, పొద్దున్నే వేలిముద్ర వేసి బండెక్కేవాడు. రంగు పూసిన వేలిని మిషను గుర్తుపట్టేది కాదు. హుసేనప్ప సెలవు పెట్టిన రోజున బండ మీద "పులి సెలవులో ఉన్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని బోర్డు ఉండేది.

తర్వాత వంతు దొరసాని ఏడ్చిన మలుపు అనే చోటుది. ఆ మలుపులో పనివేళల్లో ఏడవడానికి ఒకామెను వేశారు. ఆమె శాఖలో ఎవరికో కావలసిన మనిషి, నవ్వుమొహం. రెండో రోజుకే ఏడుపు రాక, సాలోమి దగ్గర ఉల్లిపాయలు తరిగించుకుపోవడం మొదలెట్టింది. ఒకసారి సాలోమి తన అత్తగారి చావు సంగతి చెప్పబోతే, "వద్దులే అక్కా, నిజంగా ఏడిస్తే తలనొప్పి" అంది.

మారుపలుకు లోయ దగ్గర ఇంకో చిక్కు. అడ్డంగా రిసార్టు లేచాక అక్కడ వేసిన కేక తిరిగి రావడం మానేసింది. లోయకు అవతలి పక్క గజేంద్ర అనే కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఎవరేం కేకేసినా అదే తిరిగి కేకెయ్యమన్నారు. గజేంద్రకు మాటకారితనం ఎక్కువ. ఒక కొత్త పెళ్ళికూతురు సరదాగా "ఎవరు నువ్వు?" అని అరిస్తే, అవతల్నించి "ఎర్రమరెడ్డి రెండో కొడుకునక్కా, మీదే ఊరు?" అని వచ్చింది. పెళ్ళికూతురు కళ్ళు తిరిగి పడిపోయింది. గజేంద్రకు మెమో ఇచ్చారు. మారుపలుకు తనంతట తాను కొత్త సమాచారం ఇవ్వరాదని అందులో ఉంది.

ఇదంతా చూసి ఒంటిల్లు వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సాలోమి మొగుడు యేసురత్నం జీపు తోలేవాడు. పర్యాటకులను పులి దగ్గరికి తీసుకుపోయి, "తొందరగా చూడండప్పా, అన్నానికి దిగిపోతాది" అని హడావుడి పెట్టేవాడు.

ఆ నవ్వులు ఉండగానే విశ్వంభరరావు టేపు పట్టుకుని ఒంటిల్లు సందులోకి వచ్చాడు.

"శాఖ పరిశీలనలో వెల్లడైన అంశమేమనగా, ఈ స్థలం పేరు ఒంటిల్లు. పేరు ప్రకారం ఒక ఇల్లు ఉండవలెను. అదనపు గృహాలన్నీ పేరుకు విరుద్ధం. సంక్రాంతి లోపల ఒక్కటి ఉంచి మిగతావి తొలగించబడును."

మొదట తేరుకున్నది రెడ్డెప్ప. తోటమాలీల వంశం, నోరు ఊరుకోదు. "మరి దొర బంగళానే మళ్ళీ కట్టుకోండి సార్. దానికే కదా పేరు?" అన్నాడు.

"ఆ ప్రతిపాదన పరిశీలించబడినది. సదరు పొగగొట్టం శిథిలంగా రక్షింపబడుతున్నది. దాన్ని ఇల్లుగా బాగుచేస్తే శిథిలానికి నష్టం."

"మా ఇండ్లు పడగొడితే?"

"అవి శిథిలాలు కావు గనుక ఇబ్బంది లేదు."

నవ్విన నోళ్ళు మూతపడ్డాయి. కలెక్టరాఫీసుకు వెళ్ళొచ్చారు, ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చున్నారు. ఎమ్మెల్యే సాంతం విని, "మీ ఊరి పేరు పదిళ్ళు అయ్యుంటే ఏదో చేసుందును" అని నిట్టూర్చాడు.

ఉంచే ఇల్లు ఏదనేది న్యాయంగా తేలాలి కదా. అందుకని ఇళ్ళకు ఇంటర్వ్యూలు పెట్టారు. సందులో కుర్చీలు వేసి, మధ్యలో విశ్వంభరరావు, అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఒక్కో ఇంటినీ పేరు పెట్టి పిలిచేవారు. ఇల్లు రాలేదు కాబట్టి ఇంటివాళ్ళు వచ్చి దాని తరఫున నిలబడేవారు.

"సదరు గృహం ఏకాంతభావాన్ని ఏ మేరకు స్ఫురింపజేయగలదు?"

"నాకర్థం కాలే సార్" అన్నాడు రెడ్డెప్ప.

"ఒంటరిగా కనిపిస్తుందా అని."

"మా ఆడమనిషి పుట్టింటికి పోతే కనిపిస్తాది సార్."

విశ్వంభరరావు నవ్వలేదు. రెడ్డెప్ప పెరట్లో విడిగా ఉన్న వంటపాకను చూపించి, అది రెండో ఇల్లు కాబట్టి అతని ఇల్లు అసలు ఒక ఇల్లే కాదన్నాడు. రెడ్డెప్ప గొడవకు దిగాడు. వంటిల్లు లేకుండా ఇల్లెట్లవుతుంది, అసలు ఇల్లంటే ఏంది, అని నిలదీశాడు. అప్పుడు విశ్వంభరరావు కళ్ళు మూసుకుని, గుమాస్తాను రాసుకోమని, అక్కడికక్కడే ఒక నిర్వచనం చెప్పాడు. "ఎన్ని గదులున్ననూ, ఎన్ని పొయ్యిలున్ననూ, అవిచ్ఛిన్నమైన పైకప్పు కింద ఒక కొస నుంచి మరొక కొసకు వానలో తడవకుండా నడువగలిగినచో అది ఒక ఇల్లు. తడిసినచో కాదు." నువ్వు అన్నం వండుకుని ఇంట్లోకి వచ్చేలోపల తడుస్తావా లేదా అని అడిగాడు. రెడ్డెప్ప తడుస్తానని ఒప్పుకున్నాడు. ఆ నిర్వచనం రాజధానిలో కమిషనర్ గారికి ఎంతగానో నచ్చి, శాఖ యావత్తుకూ వర్తించేలా సర్క్యులర్‌గా వెళ్ళిపోయింది.

ఖాసింబవ్వ గుర్రాలవాళ్ళ మనవరాలు, పళ్ళు లేవు. ఆమె ఇంటి గోడ పక్కింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "పరాధీనత" అని కొట్టేశారు. "అదేం రోగం నాయనా?" అని అడిగిందామె. ఇల్లు ఇంకొకరి మీద ఆధారపడి ఉందని వివరించారు. "మరి ఆనుకోకపోతే పడిపోతాది కదరా" అంది ఖాసింబవ్వ.

సాలోమి ఇల్లు ఫస్టు వచ్చింది.

ఆ ఇంటికి పోయిన ఎండాకాలమే శ్లాబు పడింది. ఇసుక బస్తాలు వేసుకుని యేసురత్నం ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కలేదు. సందు మొదట్లో మూలన, కాస్త ఎడంగా ఉంటుంది. తక్కినవన్నీ పోతే అచ్చం ఒంటిగా, ముద్దుగా కనిపిస్తుందని బృందం మెచ్చుకుంది. ఆ మాట వినగానే సాలోమికి సంతోషం కలిగింది. అబద్ధం ఎందుకు, ఒళ్ళంతా తేలికైంది. గోడ మీద చెయ్యేసి, "ఉంటావే తల్లీ, నువ్వుంటావు" అనుకుంది.

మర్నాడు దోసెలకు ఎవరూ రాలేదు. రెడ్డెప్ప పెళ్ళాం నీళ్ళకు పోతూ అటు తిరిగి పోయింది. పెనం కాలుతూ ఉంది, పిండి పొంగుతూ ఉంది, సాలోమి గరిటె పట్టుకుని కూర్చుంది. శ్లాబు వేసిన రోజు గుర్తుకొచ్చింది. ఆ రోజు సందులో ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చి వరసగా నిలబడ్డారు, కంకర బాండ్లీలు చేతి మీద చెయ్యిగా పైకి పోయాయి. ఖాసింబవ్వ బాండ్లీ ఎత్తలేక, అందరికీ మజ్జిగ పోసింది.

"ఏమే, సంబరంగా లేదా?" అన్నాడు యేసురత్నం.

"ఒంటిగా ఒకటే ఇల్లుంటే, అది దెయ్యాలకొంప కాక ఏమైతాది?" అంది సాలోమి. అని, తనకు తెలియకుండానే ఏడ్చింది. మలుపులో ఏడ్చే మనిషి చూసి ఉంటే ఉద్యోగం వదిలేసి పోయేది.

ఆశ్వయుజం వచ్చింది. ఆ ఏడు పందిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. సంక్రాంతికి కూలిపోయే ఇళ్ళకు పందిరెందుకని ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చున్నారు. ఒక పొద్దున సాలోమి పెనం దించేసి, కొడవలి తీసుకుని, ఒక్కతే బోదకు పోయింది. గడ్డి మోపు తెచ్చి సందు మధ్యలో పడేసింది. మళ్ళీ పోయింది. మూడో మోపుకు రెడ్డెప్ప ఎదురొచ్చాడు.

"ఎందుకక్కా ఈ కష్టం? నీ ఇల్లు ఉంటాది కదా?"

"ఆయప్ప చెప్పింది నువ్వు విన్లేదా, రెడ్డెప్పా? తడవకుండా నడిస్తే ఒకటే ఇల్లంట."

రెడ్డెప్ప తల పైకెత్తి రెండు వరసల చూర్లనూ చూశాడు. తర్వాత ఇంటికి పరిగెత్తి కొడవలి తెచ్చాడు. ఆ ఏడు పడ్డ పందిరి ఫెన్‌విక్ దొర కాలంలో కూడా పడి ఉండదు. సందు కప్పారు, పెరళ్ళు కప్పారు, రెడ్డెప్ప వంటపాకను కలిపారు, కోళ్ళగూడును కూడా వదల్లేదు. హుసేనప్ప డ్యూటీ దిగి, చారల ఒంటితోనే చూరెక్కి తాళ్ళు బిగించాడు.

వాన మొదలైన వారంలో కమిషనర్ గారు పథకం పురోగతి చూడటానికి వచ్చారు. ఆవిడ మాటకు ముందు చెయ్యి ఆడించే మనిషి. సందు మొదట్లో జీపు దిగి గొడుగు వేసుకుని, పందిరి కిందికి రాగానే గొడుగు ముడిచింది. సాలోమి ఇంట్లోంచి రెడ్డెప్ప ఇంట్లోకి, అక్కణ్ణించి ఖాసింబవ్వ మంచం పక్కగా, కోళ్ళగూడు మీదుగా చివరి దాకా నడిచింది. వెనక విశ్వంభరరావు నడిచాడు. బయట వాన కుండపోతగా కురుస్తోంది. ఆవిడ చీర చెంగు పట్టుకుని చూసుకుంది, పొడిగా ఉంది.

"ఇది ఎవరిల్లు?" అని అడిగింది.

"మా అందరిదీ మేడం" అంది సాలోమి.

"ఎన్ని ఇళ్ళున్నాయన్నారు, విశ్వంభరరావుగారూ?"

"అదే మేడం... సదరు... నిర్మాణాల సంఖ్య..."

"మీ నిర్వచనం నాకు కంఠతా వచ్చు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచాను. తడవలేదు. ఇది ఒక ఇల్లు. పేరుకు న్యాయం జరిగింది. చాలా చక్కగా చేశారు." ఆవిడ గొడుగు విప్పబోతూ ఆగింది. "మరి అదేమిటి?"

సందు చివర, పొగగొట్టానికి అవతల, వానలో తడుస్తూ విడిగా ఒక కొత్త భవనం నిలబడి ఉంది. గులాబీ రంగు వేసి, పైన నామ వైభవ భవన్ అని రాశారు. కింద పథకం ఆఫీసు, పైన విశ్వంభరరావు కాపురం. ఆయన భార్య పుట్టింటి నుంచి ఉయ్యాల బల్ల కూడా తెప్పించుకుని, కొండ మీదే స్థిరపడిపోదామని సంబరపడుతోంది.

"అది రెండో ఇల్లు కదా?" అంది కమిషనర్ గారు. "ఒంటిల్లులో రెండో ఇల్లు ఎలా ఉంటుంది? సంక్రాంతి లోపల తీసెయ్యండి."

జీపు వెళ్ళిపోయింది. విశ్వంభరరావు తన నిర్వచనంలోకే వాన కారుతున్నట్టు అక్కడే నిలబడిపోయాడు.

సాయంత్రం ఆయన సాలోమి అరుగు ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "సదరు భవనాన్ని అవిచ్ఛిన్న పైకప్పునందు విలీనపరచుకొను విషయమై నివాసితుల సానుకూల వైఖరిని..."

"తెలుగులో చెప్పు సారూ" అంది సాలోమి.

విశ్వంభరరావు తల దించుకున్నాడు. ఫైల్లో లేని గొంతుతో, "మా ఇల్లు పోతుందక్కా" అన్నాడు.

సాలోమి గరిటె కింద పెట్టింది. కొన్ని నెలలుగా ఆ సందులో అందరూ అన్న మాట అదే. ఆయనకు మాత్రం అది ఇంతదాకా వినపడలేదు, అంతే. ఆమె సరేననబోయేలోపల రెడ్డెప్ప ఎక్కడినుంచో కుర్చీలు తెచ్చి వరసగా వేశాడు. మధ్య కుర్చీలో ఖాసింబవ్వను కూర్చోబెట్టాడు. ఊరంతా చుట్టూ మూగింది. విశ్వంభరరావు ఎవరూ చెప్పకుండానే వచ్చి ఇంటి తరఫున నిలబడ్డాడు.

ఖాసింబవ్వ ఆయన్ని కిందా మీదా చూసింది. "నాయనా, నీ ఇంటికి అది ఉండాదా? ఆ రోజు నువ్వు చెప్పింది. ఆనుకునే రోగం."

"పరాధీనతా అవ్వా?"

"ఆ, అదే."

"ఉందవ్వా" అన్నాడు విశ్వంభరరావు.

"అట్లయితే పాస్" అంది ఖాసింబవ్వ.

మర్నాడు బోదమోపులు మోసినవాళ్ళలో విశ్వంభరరావు కూడా ఉన్నాడు. మెడంతా గడ్డి కోసుకుపోయింది. పందిరి పొగగొట్టం పక్కగా సాగి గులాబీ గోడను తాకింది. గోడను తాకిన చోట సాలోమి స్వయంగా ముడి వేసింది. దూరం నుంచి చూస్తే ఒక పెద్ద గడ్డివామికి చివర మేడ మొలిచినట్టుంది, ఇంగ్లీషు దొర చూస్తే మళ్ళీ తల్లికి ఉత్తరం రాసేవాడు.

ఆ తెల్లవారి విశ్వంభరరావు కిందికి వెళ్ళి పాలు తెచ్చుకుని, సందు మొదట్లోంచి ఆఫీసు వైపు నడవబోయాడు. సాలోమి పెనం మీద నుంచి చూపు ఎత్తకుండానే పిలిచింది.

"సారూ, ఇంట్లోకి బూట్లతోనే వస్తారా?"

ఆయన ఆగి ముందుకు చూశాడు. అరుగులు, మంచాలు, పొయ్యిలు, ఆరేసిన బట్టలు దాటుకుని ఎక్కడో చివర తన కుర్చీ ఉంది. అక్కడిదాకా అంతా ఇల్లే. తన నోటితో తానే చెప్పి రాయించిన ఇల్లు. వంగి బూట్లు విప్పి, చంకలో పెట్టుకుని, ఆవు పేడతో అలికిన నేల మీద మెల్లిగా నడుచుకుంటూ పోయాడు. ఖాసింబవ్వ మంచం మీద నుంచి కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది.

ఆ రోజు మొదలు ఒంటిల్లులో ప్రభుత్వం బూట్లు చేత పట్టుకునే ఆఫీసుకు వెళుతోంది.